తూర్పు వాకిలి తేనెపిట్ట

పులి ఫోటో తీయడం సులువు. అమ్రాబాద్ అడవికి పోతే జీపు ఉంటుంది, దారి చూపే మనిషి ఉంటాడు, టికెట్టు ఉంటుంది. పులి కనిపించకపోతే తప్పు పులిదే. మెడలో మూరెడు కెమెరా వేలాడేసుకుని చెట్లవంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డా, "ఇక్కడ నీకేం పని?" అని అడిగేవాడు అక్కడ ఒక్కడూ ఉండడు.

అసలు కష్టమంతా తేనెపిట్టతోనే. ఇదీ అడవి పక్షే. ఎవరూ పెంచరు, ఎవరూ తిండి పెట్టరు, పిలిస్తే పలకదు. కాపురం మాత్రం తెచ్చి మన గోడల మధ్య పెడుతుంది. నారాయణపేటలో మందారం చెట్టున్న ఇంటికి యజమాని ఎవరైనా కానీ, పువ్వుల మీద అనుభవ హక్కు దీనిదే. కాబట్టి దీని ఫోటో కావాలంటే అడవికి పోయి లాభం లేదు. ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడాలి. పిట్ట ఒప్పుకున్నా, ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి.

ఇందులో సగం నేరం భౌతికశాస్త్రానిది, మిగతా సగం వాస్తుశాస్త్రానిది.

పుస్తకాల్లో మగ తేనెపిట్ట బొమ్మ చూడండి. తల మీద నీలం, మెడ కింద ఊదా, భుజాల దగ్గర పచ్చటి తళుకు. అయితే ఆ ఈకల్లో ఊదా రంగు అనే పదార్థమేదీ లేదు. ఉన్నదల్లా మన జుట్టును నల్లగా ఉంచే మెలనినే. అది ఈకలో పలచటి పొరలుగా పేర్చి ఉండటంవల్ల, వెలుతురు సరైన కోణంలో పడితే తళుకుగా తిరిగొస్తుంది. కోణం తప్పితే అంతే సంగతులు. నీడలో చూస్తే అది బొగ్గు ముక్క. మబ్బు పట్టిన రోజున కాకి కూడా దానికంటే కళగా ఉంటుంది.

అందుకని ఎండ కాయాలి, సూర్యుడు నా వీపు వెనక ఉండాలి, పిట్ట నా ఎదురుగా ఉండాలి. సంక్రాంతి రోజుల్లో పొద్దున ఎనిమిది దాటాక చలి విరిగి, తెల్లటి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు దీనికి మంచి సమయం. ఆ వేళకు సూర్యుడు తూర్పు దిక్కునే ఉంటాడు కాబట్టి నేను పడమటికి తిరిగి నిలబడాలి. మా పేటలో ఇల్లు కట్టుకునేవాడు అప్పు చేసైనా తూర్పు వాకిలి పెట్టుకుంటాడు. ఆ వాకిలి పక్కనే మందారం నాటుతాడు. తేలిందేమిటంటే, తేనెపిట్ట మెడ మీద ఊదా మెరుపు పట్టాలనుకునేవాడు 600 మిల్లీమీటర్ల లెన్సును ఒక పరాయి గృహస్థు సింహద్వారానికి సూటిగా గురిపెట్టక తప్పదు. శాస్త్రసమ్మతమైన దారి మరొకటి లేదు.

లోపలినుంచి ఈ దృశ్యం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నోట్లో బ్రష్షుతో బయటికొచ్చిన ఆయన నన్ను చూసి, నురగ మింగి, మళ్ళీ లోపలికి పోతాడు. కిటికీ తలుపు పడుతుంది. ఆ తర్వాత, అలాంటి వ్యవహారాలు తేల్చడానికి ప్రతి ఇంట్లోనూ ఉండే అవ్వ వస్తుంది.

"ఎవలి కోసం బిడ్డా?"

"పిట్ట కోసం అవ్వా."

"ఏ పిట్ట?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. "తేనెపిట్ట. గదిగో, మందారం మీద."

అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. పిట్ట అప్పటికే లేదు. కావలసినప్పుడు కనపడకుండా పోవడంలో కోర్టు సాక్షులు దీని తర్వాతే.

"ఏడున్నది?"

"ఇప్పుడే పోయిందవ్వా."

"మంచిగనే చెప్తున్నవ్."

కెమెరా వెనక తెరమీద పాత ఫోటో ఒకటి చూపించాక గానీ అవ్వ ముఖం మారలేదు. మారింది కూడా నా మీద దయతో కాదు, పిట్ట మీద కోపంతో. "గిదా! దీని మొకం మండ! దేవునికి పెట్టేకంటె ముంగటనే పూలన్నీ ఎంగిలి చేస్తది. జూడు, అన్నిట్కి చిల్లులే." నిజమే. పువ్వు పొడుగై ముక్కు అందనప్పుడు తేనెపిట్ట ముందు దారిన రాదు. అడుగున, తేనె ఉండే చోట ముక్కుతో పొడిచి, అక్కడినుంచి తాగేస్తుంది. పుప్పొడి మోసే కూలి చెయ్యకుండానే భోజనం కానిస్తుందన్నమాట. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని తేనె దొంగతనమనే అంటారు. అవ్వ ఏ పుస్తకమూ చదవకుండానే అదే మాట అన్నది, ఇంకొంచెం గట్టిగా.

రెండో ఫిర్యాదు మోటారు సైకిలు గురించి. "మా వోని బండి అద్దంతోని రోజు కొట్లాటే దీనికి." ఇదీ నిజమే. జత కట్టే కాలం దగ్గర పడితే మగ తేనెపిట్టకు తన చుట్టుపక్కల ఇంకో మగపిట్ట కనపడకూడదు. అద్దంలో కనపడుతుంది. పొడుస్తుంది. వాడు కూడా తిరిగి పొడుస్తాడు. ఇంత పట్టుదలగల శత్రువును అది జన్మలో చూసి ఉండదు. మా వీధిలో కొన్ని బండ్ల అద్దాలకు పాత సాక్సులు తొడిగి ఉండటానికి కారణం ఇదే. కొత్తగా వచ్చినవాళ్ళు దిష్టికేమో అనుకుంటారు.

నాకు మండేది ఎక్కడంటే, పువ్వు మీద రెండు క్షణాలు కుదురుగా కూర్చోని పిట్ట, అద్దం మీద మాత్రం పూటంతా ఉంటుంది. మంచి ఎండ, సరైన కోణం, కావలసినంత సమయం. ఫోటోలు అద్భుతంగా వస్తాయి. ప్రతి ఫోటోలో రెండు పిట్టలు, రెండూ కోపంగా ఉన్నవి, కింద బండి నంబరు. పక్షి ప్రేమికులకు పనికిరావు కానీ రవాణా శాఖవాళ్ళకు ఉపయోగపడవచ్చు.

1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టిన సలీం అలీకి ఈ తిప్పలు ఉండి ఉండవని నా అనుమానం. ఆ రోజుల్లో పక్షుల సర్వే అంటే తుపాకీతో కొట్టి, నమూనాగా దాచి, చీటీ కట్టడం. చేతిలో తుపాకీ ఉన్నవాణ్ణి "ఎవలి కోసం బిడ్డా" అని ఎవరడుగుతారు? కెమెరా పట్టుకున్నవాడికే సంజాయిషీలన్నీ.

పుస్తకం చూసి వచ్చేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మగపిట్ట తళుకులు ఏడాది పొడుగునా ఉండవు. పిల్లలు పెరిగిపోగానే అది ఆ వేషం విప్పేస్తుంది. ఒళ్ళంతా ఆడపిట్టలాగే పైన మట్టిరంగు, కింద లేత పసుపు. గడ్డం నుంచి పొట్టదాకా ఒక నల్లగీత మాత్రం మిగులుతుంది, నేను మగవాణ్ణేనని గుర్తు చేయడానికన్నట్టు. చలికాలంలో మళ్ళీ ముస్తాబు మొదలవుతుంది. ఆ మధ్య రోజుల్లో చూస్తే, రంగు తొట్టిలో సగం ముంచి మరిచిపోయిన నూలు చిలపలా ఉంటుంది, ఇక్కడ ఊదా, అక్కడ వెలిసిన పసుపు. దీన్ని ఫోటో తీసి బంధువులకు పంపితే "పాపం, జబ్బు చేసిందా?" అని అడుగుతారు.

మా ఆవిడ వేరే ప్రశ్న అడిగింది. నేను పోగేసిన ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, "ఇవన్నీ మగవేనా?" అంది. అవునన్నాను, రంగులు వాటికే కదా. "మరి గూడు ఎవరు కడతారు?" ఆడదే. ఒక్కతే కడుతుంది. సాలెగూళ్ళు, బెరడు పోగులు, ఎండుటాకులు, గొంగళిపురుగుల పెంటికలు తెచ్చి కొమ్మకు సంచీలా వేలాడదీస్తుంది. గుమ్మం పైన చిన్న చూరు కూడా దింపుతుంది. "గుడ్లు?" పొదిగేదీ ఆడదే. పిల్లలకు పురుగులు తెచ్చి పెట్టేటప్పుడు మాత్రం మగది కొంత సాయపడుతుంది. "అంతవరకు ఏం చేస్తాడు?" కరెంటు తీగ మీద కూర్చుని పాడతాడు. "ఎండలో?" ఎండలోనే. మా ఆవిడ ఇంకేమీ అనలేదు. కెమెరా నా చేతికిచ్చి, నేనున్న కుర్చీవైపూ, కుర్చీ మీద పడుతున్న ఎండవైపూ మార్చి మార్చి చూసి లోపలికి పోయింది.

ఊళ్ళో ఈ గొడవంతా ఎందుకని పొలాలవైపు నడిస్తే, అక్కడ నన్ను ఎవరూ దొంగ అనుకోరు. సర్వేయరు అనుకుంటారు. అది ఇంకా ప్రమాదం.

కంది చేల గట్ల మీద వేప చెట్లకు బదనిక పట్టి ఉంటుంది. చెట్టును పీల్చి బతికే మొక్కే అయినా తేనెపిట్టలకు అన్నసత్రం అదే. పొడుగాటి గొట్టాల్లాంటి పూలు, ముక్కు కొలతకు చెప్పి చేయించినట్టు ఉంటాయి. ఇక్కడ మాత్రం పిట్ట నిజాయితీగా ముందు దారినే వెళ్ళి, నుదుటికి పుప్పొడి పూసుకుని బయటికొస్తుంది. అలాంటి వేపచెట్టు ఎదురుగా నేను నిలబడి ఉంటే ఒక రైతు వచ్చాడు.

"రైలు లైను ఏ దిక్కుకెళ్ళి పోతది సార్?"

నారాయణపేటలో ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. నారాయణపేట రోడ్ అని మా ఊరి పేరుతోనే ఒక స్టేషను ఉండేది, కర్ణాటకలో, సైదాపూర్ దగ్గర. పేరులో రైలు మాది, చివర్లో రోడ్డు కూడా మాదే, నడవాల్సింది మేమే. 2019లో జిల్లా వచ్చింది. 2023 అక్టోబరులో జక్లేర్ నుంచి కృష్ణ దాకా కొత్త లైను ప్రారంభమై జిల్లాలో రైలు కూతా పెరిగింది. పేటలోకి మాత్రం రాలేదు. వికారాబాద్ నుంచి కృష్ణ దాకా పేట మీదుగా లైను వేయాలన్న మాట ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. కాబట్టి చేలో నిలబడి పెద్ద గొట్టంలోంచి దూరంగా చూసేవాడు ఎవడైనా ఒకటే అర్థం.

"రైలు కాదు పెద్దాయనా, పిట్టల ఫోటోలు తీస్తున్న."

ఆయన నవ్వాడు. రహస్యం బయటపెట్టకూడదని పైనుంచి ఉత్తర్వులుంటాయని ఆయనకు తెలుసు. "అయితే ఎత్తిపోతల కాలువనా?"

"కాదు."

"సరే తీ. గీ వేపచెట్టు దాంక మాదే. ఆడికెళ్ళి మా పాలోళ్ళది. రాసుకో."

రాసుకోకపోతే కదిలేలా లేడు. జేబులో పిట్టల లెక్క రాసుకునే పుస్తకం తీశాను. అందులో ఇప్పటికీ ఉంది: తేనెపిట్ట, మగది, ఒకటి. వేప చెట్టు, ఒకటి. ఎకరం ముప్పై గుంటలు, పట్టా భూమి, బోరు ఉంది. బోరు ఉన్న సంగతి రెండుసార్లు చదివించుకుని మరీ పోయాడు.

కాలిఫోర్నియాలో ఉండే మా మేనల్లుడికి ఈ బాధలేవీ అర్థం కావు. వాడు ఒక పాలు చక్కెరకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి ఎర్రటి సీసాలో పోసి పెరట్లో వేలాడదీస్తాడు. అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ అనేది చలికాలంలో కూడా వలస పోకుండా వాడి పెరటికే వస్తుంది. వాడు వంటింటి కిటికీలోంచి, కాఫీ తాగుతూ, ఫోనుతో తీస్తాడు. "మీ దగ్గర కూడా అవే కదా మామా?" అంటాడు. కాదు నాయనా. హమ్మింగ్‌బర్డులు రెండు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మన తేనెపిట్టలది వేరే వంశం. వృత్తి ఒకటే, చుట్టరికం లేదు. అది గాల్లో నిలబడి తాగుతుంది. మనది గాల్లో నిలబడగలిగినా ఆ శ్రమ ఎందుకని కొమ్మ మీద కూర్చునే తాగుతుంది, తలకిందులుగానైనా సరే. ఆ తెలివి మెచ్చుకోదగ్గదే, కానీ కొమ్మ అన్నాక ఆకులుంటాయి.

ఆకులతోనే కెమెరాకు పేచీ. ముక్కుతో కలిపి పది సెంటీమీటర్లుండే జీవి ఇది. బరువు ఐదు నుంచి పది గ్రాములు. బంగారానికి పేరున్న మా ఊళ్ళో ఈ సంగతి తులాల్లో చెబితేనే ఎక్కుతుంది. ఒక వ్యాపారికి చెప్పాను, తులం కూడా తూగదని. "తేనె తాగక ముందా, తాగినంకనా?" అని అడిగాడు. ఇంత చిన్న పిట్ట ఆకుల్లో గెంతుతుంటే కెమెరా దానంతటది ఫోకస్ చేసుకోవాలి. నా కెమెరాకు పిట్టలు తెలియవు. ముదురు రంగు, లేత రంగు పక్కపక్కన గీత గీసినట్టు ఎక్కడ కలుస్తాయో అక్కడ కన్ను వేస్తుంది. నారాయణపేటలో అలాంటివి దండేల మీద ఆరేసి ఉంటాయి.

శివాజీ దండుతో వచ్చిన నేతగాళ్ళు కొందరు ఇక్కడే ఉండిపోయారని, మా చీర అప్పటినుంచే ఉందని చెబుతారు. ఎప్పటిదైనా, గళ్ళ ఒళ్ళు, దానికి పొత్తు కుదరని రంగులో పెద్ద అంచు, అంచు మీద గుడి గోపురాల వరస. ఫోకస్ యంత్రానికి పండగ. ముందు పిట్ట ఉండనీ, పిట్టలో సగం ఉండనీ, లెన్సు గిర్రున తిరిగి వెనకాల ఆరేసిన చీర అంచు మీదికి పోయి ఆగుతుంది. నా దగ్గరున్నన్ని నారాయణపేట అంచుల ఫోటోలు చేనేత శాఖ దగ్గర కూడా ఉండవేమో. పోగు పోగూ లెక్కపెట్టవచ్చు. ముందర మసగ్గా ఒక ఆకు, ఇంకా మసగ్గా ఒక తోక.

ఒక్క ఫోటోలో మాత్రం పిట్ట వచ్చి చీర పక్కనే దండెం మీద వాలింది. చీరెంత దూరమో పిట్టా అంతే దూరం కనుక కెమెరాకు వేరే దారి లేకపోయింది. సూర్యుడు సరిగ్గా నా వెనక. మెడనుంచి భుజందాకా ఊదా, నీలం ఒకదాంట్లోంచి ఒకటి పుడుతున్నాయి. ఆడపిట్ట ఎదురుగా ఉన్నప్పుడు రెక్క కిందనుంచి బయటపెట్టే పసుపు ఈకల కుచ్చు కూడా కనపడుతోంది. వంపు తిరిగిన ముక్కు చివర తేనె తడి. జీవితంలో అలాంటిది ఇంకోటి పడుతుందన్న ఆశ నాకు లేదు.

చీర నేసినాయన మా వీధిలోనే ఉంటాడు. ఫోటో చూపిస్తే ఫోను చేతిలోకి తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు. కొడుకును కేకేసి చూపించాడు.

"అంచు ఎంత మంచిగొచ్చింది సార్! మగ్గం మీద నాకే గింత సాపుగ కనపడలే. వాట్సాప్‌ల పెట్టుకుంట, నాకు పంపు." మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "గీ మూలకు నల్లగ ఏదో మరక వడ్డది. తీసెయ్యనీకి వస్తదా?"

నేను నోరు తెరిచేలోపే వాళ్ళబ్బాయి వేలితో రుద్ది తీసేశాడు. చీర మర్నాటికల్లా అమ్ముడుపోయింది.