గనికి బినామీ, వెబ్‌సైటుకు ఆధార్

సర్వరు అద్దెకు తీసుకునేవాడు అది తనకెందుకో చెప్పి తీరాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు, ఐపీ అడ్రసుతో పాటు ‘ఏ పని కోసం’ అన్నది కూడా రాయించుకోవాలి. ఖాతా మూసేశాక కూడా ఆ వివరాలను ఐదేళ్లు భద్రంగా దాచాలి. డేటా సెంటర్లకూ, వర్చువల్ సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లకూ, వీపీఎన్ కంపెనీలకూ కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన హుకుం ఇది. ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ లాంటి వీపీఎన్ కంపెనీలు మీకో దండం, మీ దేశానికో దండం అని సర్వర్లు మూటగట్టుకుని పోయాయి. మనం ఎక్కడికి పోతాం? గడి నింపాలి.

బళ్ళారి జిల్లా సండూరు తాలూకా తారానగర్‌లో ఒక కుర్రాడు ఆ గడి ముందు కూర్చున్నాడనుకుందాం. ఊహలో కుర్రాడే. నిజంగా అట్లాంటివాడుంటే పేరు కాదు గదా, వాడి చొక్కా రంగు కూడా నేను చెప్పను. వాడి కోరిక చిన్నది. పరదా కప్పకుండా పోయే ఖనిజం లారీలకూ, వాటి వెనకాల ఎర్రబారిన జొన్నచేలకూ ఫొటోలు తీసి ఒక సైటులో పెట్టాలి. షరతులు రెండే: ఆ సైటును ఎవరూ పీకెయ్యకూడదు, పెట్టింది తనేనని ఎవరికీ తెలియకూడదు. మరి ‘ఏ పని కోసం’ దగ్గర ఏం రాయాలి? మా ఊరి దుమ్ము కోసం అనా?

“భక్తి అని రాసుకోప్పా, ఎవరూ ఏమీ అడగరు” అంటాడు నెట్ సెంటరు అన్న. ఆ అన్న దగ్గర ఊళ్లో సగంమంది ఆధార్ జిరాక్సులు అట్టపెట్టెలో పడి ఉంటాయి. వెనకవైపు తెల్లగా ఉంది కదాని రోజువారీ లెక్కలు వాటి మీదే వేసుకుంటాడు. ఇది మన డేటా సెంటరు.

డాట్ ఇన్ పేరు కొనాలంటే గుర్తింపు కార్డు. డబ్బు కట్టాలంటే యూపీఐ. యూపీఐకి బ్యాంకు, బ్యాంకుకు పాన్, పాన్‌కు ఆధార్, అన్నింటికీ ఓటీపీ వచ్చే సిమ్ము, ఆ సిమ్ము అమ్మినవాడి దగ్గర వేలిముద్ర. ఒక కొస లాగితే పంచె మొత్తం ఊడొస్తుంది.

టోర్ ఉంది కదా అంటారు తెలిసినవాళ్లు. ఉంది, చక్కటి పనితనం. మనం పంపిన అభ్యర్థన మూడు కంప్యూటర్ల మీదుగా పోతుంది. తనకు అందించిందెవరో, తాను అందించాల్సిందెవరికో తప్ప వాటిలో దేనికీ ఇంకేమీ తెలియదు. ఆనియన్ సైటయితే సర్వరు వైపు కూడా ఇదే దాపరికం. ఓనరు ఎక్కడున్నాడో చదివేవాడికి తెలియదు, చదివేవాడు ఎక్కడున్నాడో ఓనరుకు తెలియదు. పేరు అమ్మే కంపెనీ లేదు గనుక రద్దు చేసే కంపెనీ కూడా లేదు. ఈ విద్య పుట్టింది అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో. గూఢచారికి గోప్యత అవసరమని ఏ సర్కారుకూ విడమరిచి చెప్పక్కర్లేదు. పౌరుడు అడిగినప్పుడే, నీకేం పనిరా దాంతో అంటుంది. చిక్కల్లా ఒక్కటే: ఆనియన్ అడ్రసు 56 అక్షరాలు. నారిహళ్ళ డ్యాము దగ్గర గొర్రెలు మేపే తాతకూ, తోరణగల్లు పోయే లారీలో క్లీనరుకూ ఆ 56 అక్షరాలు పలికి వినిపించి “చూడన్నా” అనాలి. సెన్సారుకు చిక్కదు నిజమే. పాఠకుడికి మాత్రం ఎట్లా చిక్కుతుంది?

ఇంకో దారి నకళ్లు. 2010 డిసెంబరులో వికీలీక్స్‌ను అమెజాన్ తన సర్వర్ల మీంచి దింపేసింది, డొమైను చూసే ఎవ్రీడీఎన్ఎస్ చెయ్యి వదిలేసింది, పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ విరాళాలకు అడ్డుపడ్డాయి. ఏ కోర్టూ తీర్పివ్వలేదు, కంపెనీలే కానిచ్చేశాయి. అయినా సైటు బతికింది, ముక్కూమొహం తెలియనివాళ్లు దేశదేశాల్లో వెయ్యికి పైగా నకళ్లు పెట్టేశారు కాబట్టి. మనవాడికి ఈ సంగతి నచ్చింది. వెయ్యిమంది ఎందుకు, ఊళ్లో పదిమంది ఫోన్లలో ఎక్కిస్తే చాలదా అనుకున్నాడు. ఆ పదిమందిలో ముగ్గురికి లారీలున్నాయి, నలుగురు లోడింగు పనికి పోతారు, ఒకడి బావ పంచాయతీ మెంబరు. మిగిలిన ఇద్దరి దగ్గరవీ డబ్బా ఫోన్లు.

సరే, ఫొటోతో పాటు పోయే జీపీఎస్ గుర్తులు తుడిచెయ్యొచ్చు. ఏ మిద్దె మీంచి తీశారో తుడిచే యాపు మాత్రం ఇంకా రాలేదు. సిల్క్ రోడ్ అనే మాదకద్రవ్యాల బజారును టోర్ చాటున నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ 2013 అక్టోబరులో దొరికిపోయాడు. అంత పెద్ద ముసుగు వేసుకున్నవాడి పేరు బయటపెట్టింది, తొలిరోజుల్లో ఒకచోట తానే రాసిపెట్టిన సొంత ఈమెయిల్ అడ్రసు. వాడి పక్కన మన కుర్రాణ్ణి కూర్చోబెట్టడం పాపమే గానీ, నోరు జారడానికి మంచీ చెడ్డా తేడా లేదు. పైగా తారానగర్‌లో ఈమెయిల్ దాకా పోనక్కర్లేదు. టీ హోటల్లో “ఆ మిద్దె ఎవరిదప్పా?” అన్న ఒక్క ముక్కతో దర్యాప్తు పూర్తవుతుంది.

దొరికితే ఏమవుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాలా? 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహమని జైల్లో పెట్టారు. అచ్చేసినవాడి పేరూ ఊరూ కాగితం మీద ఉండాలన్న 1867 చట్టం దొరల పని సులువు చేసింది. దొరలు పోయారు, ఆ చట్టం మాత్రం 2024 దాకా మనతోనే ఉంది. ఆన్‌లైన్ రాతలకు అరెస్టు చేయించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. రెండేళ్లకు, 2017 ఏప్రిల్లో, ‘పొలిటికల్ పంచ్’ పేజీ నడిపే ఇంటూరి రవికిరణ్‌ను శాసనమండలి మీద వేసిన కార్టూనుకు ఆంధ్ర పోలీసులు హైదరాబాదు శివార్ల నుంచి తీసుకుపోయారు. ప్రభుత్వం మారింది. 2020లో విశాఖ గ్యాస్ లీకు మీద పోస్టు పెట్టిన గుంటూరు పెద్దావిడకు సీఐడీ నోటీసు. ప్రభుత్వం మళ్లీ మారింది. 2024 నవంబరులో అరెస్టుల పద్దు మళ్లీ తెరిచారు. తెలంగాణ ఏం తక్కువ తిన్నదని, 2025 మార్చిలో ఇద్దరు మహిళా జర్నలిస్టులను పట్టుకుపోయింది. వాక్‌స్వేచ్ఛ మీద ప్రేమ ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు పుట్టి, ప్రమాణస్వీకారం నాడు పోతుంది.

సర్కారుకు గోప్యత అంటే గిట్టదని మాత్రం అనకండి. మహా మక్కువ. సైటు మూసెయ్యమని అదే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఇచ్చే ఆదేశాలను రహస్యంగా ఉంచాలని 2009 నాటి నిబంధనల్లో 16వది చెబుతుంది. మూసేవాడి గుట్టుకు ఒక రూలు, మూతబడ్డవాడి గుట్టు విప్పడానికి ఇంకో రూలు. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో జనానికి తెలియకుండా 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్లు అమ్మారు. దాతకు గోప్యత హక్కుంటుందని సుప్రీంకోర్టులో వాదించింది సాక్షాత్తూ కేంద్రమే. 2024 ఫిబ్రవరి 15న కోర్టు ఆ పథకాన్ని కొట్టేసేలోపు 16 వేల కోట్లకు పైగా రూపాయలు మొహం చూపకుండా చేతులు మారాయి. కోట్లిచ్చినవాడికి గోప్యత, ఫొటో పెట్టినవాడికి ఓటీపీ.

దీన్ని మించిన ముచ్చట బెంగళూరులో జరిగింది. కేంద్రం నడిపే ‘సహయోగ్’ పోర్టల్ ద్వారా వచ్చే తొలగింపు నోటీసుల మీద ఎక్స్ కంపెనీ కర్ణాటక హైకోర్టుకెక్కింది. ఇంటర్నెట్లో ఎవరు ఏ ముసుగైనా వేసుకోవచ్చు చూడండని, 2025 జులైలో సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా ‘సుప్రీం కోర్ట్ ఆఫ్ కర్ణాటక’ పేరుతో తమవాళ్లు తెరిచిన ఖాతాను జడ్జిగారికి చూపించారు. లేని కోర్టుకు ఖాతా తెరిచినవాళ్లను ‘ఏ పని కోసం’ అని ఎవరూ అడగలేదు. ఎక్స్ పిటిషనును సెప్టెంబరు 24న హైకోర్టు కొట్టేసింది.

ఓనరు గోప్యత అనే శాస్త్రంలో బళ్ళారి ఒకప్పుడు దేశానికే గురుకులం. లీజు కాగితంలో ఒకరి పేరు ఉండేది, ‘రైజింగ్ కాంట్రాక్టు’ మీద తవ్వేది ఇంకొకరు. లారీ మూడో ఆయనది. పర్మిట్టు ఉంటే దేవుడిది. కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే 2011 జులైలో ఇచ్చిన నివేదికలో, పర్మిట్లు లేకుండా ఖనిజాన్ని చెక్‌పోస్టులు దాటించే ఏర్పాటుకు ‘జీరో రిస్క్’ అని పేరు కూడా ఉంది. ఏ టోరూ ఇవ్వలేని హామీ అది. ఖజానాకు 16,085 కోట్ల నష్టమని ఆయన లెక్క. బేలెకేరి రేవులో అధికారులు పట్టుకుని సీలు వేసిన ఖనిజమే 2010లో లక్షల టన్నుల లెక్కన మాయమైంది. కొండంత మన్ను కనబడకుండా పోయిన రాష్ట్రంలో, పది అక్షరాల పేరు దాచబోయినవాడు అనుమానితుడు. ఓబుళాపురం గనుల దగ్గర ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుకు ఆనవాలుగా నిలిచిన సుగ్గలమ్మ గుడి 2006లో నేలమట్టమైంది. గీత ఎక్కడుందో తేల్చడానికి సర్వే ఆఫ్ ఇండియా దిగాల్సి వచ్చింది.

అందుకే తారానగర్ కుర్రాడికి నా సలహా: ఆ గడిలో వెబ్‌సైటు అని రాయకు నాయనా, గని అని రాయి. లీజు మీ అవ్వ పేరు మీద తీసుకో. రైజింగ్ కాంట్రాక్టు సిరుగుప్ప మేనమామకు ఇచ్చెయ్. ఫొటోలు రాత్రిపూట ఎక్కించు, పర్మిట్టు ఏదంటే వెనకొచ్చే బండిలో ఉందని చెప్పు. సర్వరును సరిగ్గా గీత మీద, సగం రాయదుర్గం వైపు, సగం బళ్ళారి వైపు ఉండేట్టు పెట్టి పక్కన సరిహద్దు రాయి ఉంటే పీకెయ్. ఆంధ్ర పోలీసులొస్తే ఇది కర్ణాటక అను. కర్ణాటక పోలీసులొస్తే ఆంధ్ర అను. ఇద్దరూ కలిసొస్తే సర్వే కావాలి సార్ అను. కుర్చీలేస్తే కూర్చుని, టీ తాగి పోతారు.