పై గీత

నా ఒంటి మీద ఉన్నవి రెండే గీతలు. కింది గీతంటే అందరికీ భయం, పై గీతను లెక్కచేసేవాడు లేడు.

నేను మారుతి 800 ఇంజన్‌లో ఆయిల్ కొలిచే కడ్డీని. షెడ్లలో డిప్‌స్టిక్ అంటారు. మా యజమాని ధర్మపురిలో మామిడి మండీ నడిపే పెద్దాయన. ఇంట్లో తెలుగు, గేటు దాటితే తమిళం. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది, ఆయన మాత్రం అమ్మనంటాడు.

796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. దానికి మూడు లీటర్ల ఆయిల్ చాలు. బజార్లో మూడున్నర లీటర్ల డబ్బాలుంటాయి. నా కష్టాలన్నీ ఆ అర లీటరులోనే ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న డబ్బాలో కాస్త మిగిల్చి ఇంటికి తెచ్చుకోవడం మనవాళ్లకు చేతకాదు. ఆయిల్ మార్చిన రోజు షెడ్డు కుర్రాడు పాత ఆయిల్ పూర్తిగా కారకముందే నట్టు బిగించి డబ్బా ఎత్తాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన "వృథా చేయొద్దురా, మొత్తం పొయ్యి" అన్నాడు. నన్ను లాగి చూసినవాడు లేడు.

ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే ఏ ఇంజనైనా ఓర్చుకుంటుంది. నా రెండు గీతల మధ్య ఎంత ఎడముందో, పై గీత దాటి దాదాపు అంత ఎత్తుకు చేరింది ఆయిల్. ఆయిల్ నిలిచే ఛాంబర్ పైనే క్రాంక్ షాఫ్ట్ నిమిషానికి మూడు నాలుగు వేల సార్లు తిరుగుతుంటుంది. మామూలుగా అది ఆయిల్‌ని తాకదు. తాకిందా, కవ్వం పెట్టిన మజ్జిగలా నురగ లేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కదా, పంపు ఆ గాలినే బేరింగులకు తోస్తే అక్కడ ఆయిల్ పొర నిలవదు. ఆయిల్ ఎక్కువై, ఆయిల్ అందక ఇంజన్ అరిగిపోతుంది. ఈ మాట ఎవరితో చెప్పినా నమ్మరు.

సేలం వెళ్లే దారిలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద తొప్పూరు ఘాట్ ఉంది. లారీల బ్రేకులు వేడెక్కి పట్టుతప్పే దిగుడు. పెద్దాయన బ్రేకుల్ని నమ్ముకోడు, గేరు తగ్గించి దిగుతాడు. మంచి అలవాటే. కానీ అలా దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తాం కాబట్టి గాలి దారి మూసుకుపోతుంది, పిస్టన్లు దొరికినచోటి నుంచల్లా లాగుతాయి. ఆయిల్ నిండుగా ఉంటే రింగుల పక్కనుంచి, ఇంజన్ ఆవిరి పోయే గొట్టం గుండా అదే పైకి వస్తుంది. దిగువన మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక ఒకటే నీలం పొగ. సేలంలో చూసినవాళ్లు రింగులు పోయాయి, ఇంజన్ దించాలన్నారు. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉంది, ప్లగ్గులు నల్లబడ్డాయి. అన్నీ విప్పారు. నేనొక్కదాన్నే వాళ్ల కంట పడలేదు.

ధర్మపురిలో ఒక ముసలి మెకానిక్ కారును చదునుగా నిలపమన్నాడు, ఇంజన్ ఆపించి టీ తాగొచ్చాడు. ఛాంబర్‌లోకి ఆయిల్ దిగడానికి ఆ పది నిమిషాలు కావాలి. ఏటవాలులో నిలిపి అడిగినా, ఆపీ ఆపగానే అడిగినా నేను చెప్పేది సరికాదు. నన్ను లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి లాగాడు.

"రింగులు కాదన్నా. ఆయిల్ ఎక్కువైంది."

"ఎక్కువుంటే మంచిదే కదప్పా?"

ఆయన జవాబు చెప్పకుండా నా గొట్టంలోకి సన్నటి పైపు దించి, పెద్ద సిరంజితో కొంచెం కొంచెంగా లాగాడు. మధ్యమధ్య నన్ను అడుగుతూ, పై గీతకు కాస్త కిందికి రాగానే ఆపాడు. ప్లగ్గులు తుడిచాడు. సైలెన్సర్‌లో మిగిలింది కాలిపోయేదాకా పొగ కొన్నాళ్లు వచ్చింది, తర్వాత లేదు.

తీసిన ఆయిల్‌ని కంచె గుంజలకు చెదపట్టకుండా పూస్తానన్నాడు పెద్దాయన. మెకానిక్ ఇవ్వలేదు, పాత ఆయిల్ శుద్ధి చేసేవాళ్లకు పంపే డ్రమ్ములో పోశాడు. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఆయన నిబంధనలు ఎత్తలేదు. ఫ్లోరైడ్ నీళ్లకు భయపడి హొగెనక్కల్ నుంచి కావేరిని పైపుల్లో తెచ్చుకుంటున్న జిల్లా ఇది, మన బోర్లలోకి ఇది కూడా దిగాలా అన్నాడు.

అప్పట్నుంచీ పెద్దాయన కనబడ్డ ప్రతి కారు కడ్డీ లాగుతాడు. బెంగళూరు నుంచి మేనల్లుడు బీఎస్-6 డీజిల్ కారులో వస్తే అదీ లాగాడు. పై గీత దాటి ఉంది.

"ఏ షెడ్డువాడు పోశాడ్రా?"

"ఎవరూ పొయ్యలేదు మామా. సర్వీసప్పుడు సరిగ్గానే ఉండె."

ముసలి మెకానిక్‌ని పిలిచారు. పొగగొట్టంలోని ఫిల్టర్‌లో చేరిన మసిని కాల్చడానికి ఈ కార్లు కాస్త డీజిల్ అదనంగా చిమ్ముతాయి. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగితే మసి పూర్తిగా కాలదు, మళ్లీ మళ్లీ చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడల వెంట ఛాంబర్‌లోకి జారుతుంది.

"అయితే ఆ పైది లాగేస్తే పోదా?" అన్నాడు పెద్దాయన, సిరంజి కోసం చూస్తూ.

"మిగిలేదీ డీజిల్ కలిసి పలచబడిందే అన్నా. మొత్తం మార్చాల. ఆపైన వారానికోసారైనా హైవే మీద ఆగకుండా తోలమను."

మేనల్లుడు ఆయిల్ ధరెంత అని అడిగాడు. పెద్దాయన డబ్బా ఎన్ని లీటర్లదని అడిగాడు.