ఇసుకబాట పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. ఇసుకబాట జూచి యేమరి తొక్కకు,
గాలి దీసి నడుపు గతుకుదారి;
రెండు చక్రములకె బండిలో సత్తువ,
తోలువాని కేల తొందరయ్య?

ప్రతిపదార్థం: ఇసుకబాట = దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రీ నుండి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్లు పోవు ఊడ్నడాట్టా ట్రాకును; చూచి = క్రిందికి దిగి, బూటుతో పొడిచి చూచి (అద్దములోంచి చూచుట చూచుట కాదు); ఏమరి = పరాకున; తొక్కకు = యాక్సిలరేటరును అదుమకుము; గాలి తీసి = టైర్లలో గాలి కొంత తగ్గించి; రెండు చక్రములకె = హైఏస్ వంటి క్యాంపర్ వ్యానులో వెనుక జతకు మాత్రమే; తోలువానికి = అద్దెదారునికి; తొందర ఏల = ఎవరు తరుముచున్నారు?

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: స్పష్టమైనా ఎవరూ వినరు కనుక నాలుగు మాటలు. ఒక వెనుక చక్రం ఇసుకలో పట్టు తప్పితే అదొక్కటే గిర్రున తిరుగుతుంది. గట్టినేల మీదున్న రెండోది కదలదు. డిఫరెన్షియల్ స్వభావమే అంత. ఇంకా తొక్కితే ఇరుసు నేలకానేదాకా గొయ్యి తవ్వుకోవటమే. గాలి తగ్గిస్తే టైరు పాదం సాగి, బరువు పరుచుకుంటుంది. తారురోడ్డెక్కాక మళ్లీ కొట్టుకోవాలి. పంపు లేనివాడికి రెండో పాదం వర్తించదు.

పూర్వపక్షం: “గతుకుల మీద ఎనభైలో పోతే అలల నెత్తిన తేలిపోమా?” తేలుతారు. తేలిన చక్రానికి నేల అందదు. స్టీరింగూ బ్రేకూ మాట వినవు. పైగా ఆ అలలను పుట్టించిందే వేగం: హద్దు దాటిన చక్రం చిన్న మిట్టకు ఎగిరి, దిగినచోట మట్టిని తోసి మరో మిట్ట చేస్తుంది. ముందుపోయినవాడి తొందర మన నడుముకు తగులుతుంది.

వ్యాను లోపలి సంగతి కవి చెప్పలేదు. చెంచాల సొరుగు దానంతటదే తెరుచుకుంటుంది, ఫ్రిజ్ తలుపూ అంతే. వెనుక తలుపు సందుల్లోంచి ఎర్రదుమ్ము వచ్చి దుప్పటి మీద పరుచుకుంటుంది. పోయే బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి దుమ్మును లోపలికి పీలుస్తుంది. ఈ బాధ ఎరిగినవాడు పద్యం ఆరు పాదాలు రాసేవాడు.

అద్దె ఒప్పందంలో “మట్టిరోడ్డు నిషిద్ధం” అని ఉంటే అదే శ్రుతి, ఈ పద్యం స్మృతి. రెండూ విభేదిస్తే ఏది చెల్లుతుందో ఇన్సూరెన్సు వారినడగాలి.

వాన కురిస్తే పద్యమే రద్దు. దారి మూసేస్తారు, దూరినవాడికి జరిమానా. దారిలోని విలియం క్రీక్ హోటల్ దగ్గర బండి ఆపుకుని దుప్పట్లు దులుపుకోవచ్చు.