ఎర్ర ఇంటూ కొట్టించిన సారుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ అధికారి గారికి,

అలంపూర్ నుంచి దండాలు. మొన్న తమరు జీపు దిగకుండానే మా వీధి వేపచెట్టు జబ్బు కనిపెట్టేశారు. అద్దం దించి 'తొర్ర ఉంది, పడిపోతది' అన్నారు. మీ మనిషి ఎర్ర పెయింటుతో ఇంటూ కొట్టాడు. ఇంతటి దివ్యదృష్టి గలవారు మా మండలానికి రావడం పూర్వజన్మ సుకృతం అని రాద్దామనే కూర్చున్నాను. నా వల్ల కావట్లేదు సారూ, ఒళ్లు మండుతోంది.

తొర్ర ఉంటే చెట్టు చచ్చినట్టేనా? దాని ప్రాణం బెరడు కింది పచ్చి పొరలో ఉంటుంది. లోపలి చేవ పోయినా చుట్టూ గోడ మందంగా ఉంటే మాను నిలబడుతుంది. ఆ మందం ఎంతో చూశారా? కొయ్య సుత్తితో తట్టి ఎక్కడ డొల్లగా మోగుతుందో విన్నారా? మొదట్లో పుట్టగొడుగులు లేచాయా, వేళ్ల దగ్గర మట్టి పగిలిందా, చిటారు కొమ్మలు ఎండుతున్నాయా, పంగల దగ్గర చీలిక ఉందా, వాలు పాతదా కొత్తదా? ఇవేవీ జీపులోంచి కనపడవు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకొచ్చిన నాడూ ఆ చెట్టు ఒరగలేదు.

నిజంగా పడేలా ఉంటే అలా చేసిందెవరు? సీసీ రోడ్డు దాని మొదలు దాకా పోసి వేళ్లకు నీళ్లందకుండా చేసిందెవరు? ఏటా వానలకు ముందు కరెంటు తీగలకు అడ్డమని ఒక్క పక్కే నరికి, బరువంతా ఇళ్ల మీదికి నెట్టిందెవరు? కాలేజీల బోర్డులకు దిగ్గొట్టిన మేకుల సంగతి ఇక వదిలేద్దాం. అన్నట్టు, కొత్తగా నాటించిన మొక్కల చుట్టూ కంచెలున్నాయి, మొక్కలు లేవు. వాటి ఆరోగ్యం కూడా చూసిపోండి.

చెట్టును కాపాడడం చేతకాదనకండి. ఈ పాలమూరు గడ్డ మీదే 2018లో పిల్లలమర్రికి చెదలమందు సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా ఎక్కించారు. శ్రీశైలం నీళ్లలో మునగబోయిన కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి మా ఊళ్లో నిలబెట్టారు. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అది మాకేనా?

సోమవారం కోతమిషను వస్తుందట. కాళ్లు పట్టుకుంటాం, ఆలోపు ఒక్కసారి దిగి చూడండి. ఎండు కొమ్మలు తీయించండి, ఇళ్ల వైపు బరువు తగ్గించండి, మొదలు చుట్టూ సిమెంటు పగలగొట్టించండి. అన్నీ చూశాక పడేదే అని తేలితే కొట్టేయండి, కారణం కాగితం మీద రాసివ్వండి. రావడమైతే పొద్దున్నే రండి. ఎండ ముదిరితే మా వీధిలో మీరు నిలబడడానికి ఆ చెట్టు కింద తప్ప ఇంకెక్కడా నీడ లేదు.