కోర్ల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
కోర్లు పెక్కు కొన్న కూడునే వేగంబు
పనుల జూచి కొనుము పర్సు జూచి
పొయ్యి యొకటె యైన పొందెడి ఫలమేమి
వంటవారు పదుగు రింటనున్న

అవతారిక: సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇంటి కంప్యూటర్‌కు ఎస్టిమేట్ రాయించుకున్న ఒక గృహస్థు, కాగితం మీద ‘ఐ7-12700, 12 కోర్లు’ అని చూసి మురిసిపోతుండగా, వెంట వెళ్లిన బావమరిది చెప్పిన పద్యమిది. కొట్టువాడు కూడా విన్నాడు, వినిపించుకోలేదు.

ప్రతిపదార్థం: పెక్కు కోర్లు కొన్నన్ = ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు ఎక్కువగా కొన్నంత మాత్రాన; వేగంబు కూడునే = వేగం వస్తుందా (రాదని కాకువు); పనుల జూచి = ఆ యంత్రంతో ఇంట్లో ఏం చేస్తారో చూసి; పర్సు జూచి = స్పష్టం; కొనుము = కొను. తక్కినది సుగమం.

తాత్పర్యం: బావా! పొయ్యి ఒక్కటే ఉన్నప్పుడు పదిమంది వంటవాళ్లను పెట్టుకుంటే ఒకడు వండుతాడు, తొమ్మిదిమంది కబుర్లాడతారు. జీతం మాత్రం పదిమందికీ ఇవ్వాలి.

విశేషాలు: ‘పొయ్యి యొకటె’ అన్నచోట శాస్త్రముంది. పంచుకోవడానికి వీల్లేని భాగమే మొత్తం పని వేగానికి హద్దు గీస్తుందని 1967లోనే కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్డాల్ వాదించాడు. పనిలో సగం అలాంటిదైతే 4 కోర్లతో వేగం 1.6 రెట్లు, 16 కోర్లతో 1.88 రెట్లు. వెయ్యి కోర్లు పెట్టినా రెండు రెట్లు దాటదు. ఇళ్లలోకి రెండు కోర్ల పెంటియం డి, అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చింది 2005లో. అంటే రోగం కంటే నిదానమే ముందు పుట్టింది.

ఇక కోర్లన్నీ ఒక జాతివి కావు. ఇంటెల్ 2021 చివర్లో 12వ తరంతో పెద్ద కోర్లను, చిన్న కోర్లను ఒకే చిప్పులో కలిపింది. గృహస్థు మురిసిన పన్నెండులో గురువులు ఎనిమిది, లఘువులు నాలుగు. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఇక్కడా పెద్ద కోరుకు ఒకేసారి నడిపే పనివరుసలు (థ్రెడ్లు) రెండు, చిన్నదానికి ఒకటి. వెరసి 20. కొట్టువాడు ‘ఇరవై సార్!’ అని గట్టిగా చదివేది ఈ మాత్రల లెక్కనే. ఐ5-12400లో ఆరే కోర్లు, ఆరూ గురువులే.

‘మా వాడు వీడియోలు ఎడిట్ చేస్తాడు కదా’ అని పూర్వపక్షం. అలా అయితే బావమరిది ఓడినట్టే. వీడియో ఎన్‌కోడింగ్, బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ ముక్కలుగా పంచుకోదగ్గ పనులు, పన్నెండూ చెమటోడుస్తాయి. బ్రౌజర్, టాలీ, జూమ్ క్లాసు మాత్రమే అయితే నాలుగు చాలు, ఆరు దర్జా.

పద్యంలో లేనిదొకటి టీకాకారుడే చేర్చాలి. పాత కంప్యూటర్ మొరాయించినప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. తరచు ప్రాసెసర్ గీత నేలమీద పాకుతుంటే మెమరీ గీత నెత్తికెక్కి కూర్చుంటుంది. అలాంటి ఇంట్లో కోర్ల మీద పెట్టే డబ్బు 16 జీబీ ర్యామ్ మీద, ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం మేలని నా మతం. కవి ఈ ఊసెత్తకపోవడం లోపమే.

పాఠాంతరం: రెండో పాదం చివర ‘పొరుగు జూచి’ అని కొందరు చదువుతారు. ప-పొ యతి చెల్లదు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర మాత్రం ఈ పాఠమే చెల్లుతోంది.