ఉమ్మ్ అల్ హస్సామ్ బాలవ్యాకరణం

ఊరి నుంచి దిగి, మెడలో దండ వేయించుకుని, మైకు ముందు ఓ అతిథిగారు సెలవిచ్చిన ముక్క ఈపాటికి మీ అందరి వాట్సాప్‌లకూ చేరే ఉంటుంది. గల్ఫ్‌కొచ్చిన మనవాళ్ళు తెలుగును సంకరం చేస్తున్నారట. పిల్లలకు ఆ యాస అంటకముందే శుద్ధి జరగాలట. వారి ఆవేదన విన్నాక నాకు నిద్ర పట్టలేదు. చెడిన భాషకైనా ఓ లక్షణం ఉండాలి కదా! చిన్నయసూరి 1858లో చేసిన పనిని బహ్రెయిన్‌లోని మా పేట వరకు నేను నెత్తికెత్తుకున్నాను. ఉమ్మ్ అల్ హస్సామ్ కోల్డ్ స్టోర్ల ముందు కరక్ చాయ్ తాగుతూ సేకరించిన సూత్రాలివి. చిత్తగించండి.

సంజ్ఞ: ఊళ్ళో వాడు మల్లయ్య కావచ్చు, సుబ్బరాయుడు కావచ్చు. ఇక్కడ దిగగానే పేరు లోపించి 'నఫర్' ఆదేశమవుతుంది. పది నఫర్ల పని, పది నఫర్లకు ఒక గది.

సంధి: మన పాస్‌పోర్టుకూ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బీరువాకూ సంధి నిత్యమని కొందరు కఫీళ్ళ మతం. విడదీయడం వైకల్పికం.

క్రియ: ఏజెంటుకు కట్టిన డబ్బు భూతకాలం. భవిష్యత్తంతా 'బుక్రా', అంటే రేపు. జీతం బుక్రా, సెలవు బుక్రా, సీపీఆర్ గుర్తింపు కార్డు రెన్యువల్ బుక్రా. వర్తమానానికి మిగిలింది 'యల్లా' (పద, కానీయ్) ఒక్కటే. అది మధ్యమ పురుషలోనే ఉంటుంది, పైవాడు కిందివాడితోనే అంటాడు.

వ్యతిరేకార్థకం: 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. అస్తి నాస్తి అంటూ వేదాంతులు గ్రంథాలకు గ్రంథాలు రాసిన సంగతిని మావాళ్ళు రెండు మాటల్లో తేల్చేశారు. ఇంటి దగ్గర మాఫీ అంటే అప్పు పోవడం. ఇక్కడ మాఫీ అంటే ఆ అప్పు తీర్చాల్సిన జీతం పోవడం. జగిత్యాల అన్న 'మాఫీ బయ్' అంటాడు, కోనసీమ అక్క 'మాఫీ అండీ' అంటుంది, కడప తమ్ముడు 'మాఫీరా అబ్బీ' అంటాడు. అసెంబ్లీలు రెండైనా లేమి దగ్గర అందరి భాషా ఒకటే.

ఇక మణిపూస 'ఖల్లివల్లి'. మాటగా వాడితే 'పోతే పోనీ' అని. మనిషికి తగిలిస్తే, పెట్టుకున్న కంపెనీని వదిలి కాగితాల్లేకుండా తిరిగేవాడు అని. 'మనోడు ఖల్లివల్లి అయిండు' అన్నప్పుడు ఆ క్రియ అకర్మకం. కర్మ మాత్రం పూర్తిగా మనోడిదే.

తత్సమం: 1965లో బహ్రెయిన్‌కు దీనారు వచ్చి గల్ఫ్ రూపాయి తప్పుకుంది. అయినా 100 ఫిల్సును ఇక్కడివాళ్ళు ఇప్పటికీ 'రూబియా' అంటారు. తిన్నగా పొమ్మనడానికి 'సీదా' అంటారు. అరబ్బీ మైలపడిందని ఎవరినో పిలిపించి దండ వేసినట్టు నేను వినలేదు.

ఇంతటి శుద్ధి పట్టింపున్న అతిథిగారికి ఒక్క మనవి. అసలు, బాకీ, వసూలు, జప్తు కూడా అరబ్బీ నుంచి వచ్చిన మాటలే. వాటిని మావాడికి నేర్పింది బహ్రెయిన్ కాదు. విమానం ఎక్కకముందే, సొంత గడప మీద, అప్పిచ్చినవాడు నేర్పాడు. అప్పుడు ఏ భాషాభిమానికీ ఒళ్ళు మండలేదు. 2020 సెప్టెంబరులో, కరోనా నడుమ, గల్ఫ్‌కు వెళ్ళే మన కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని ఢిల్లీ సర్క్యులర్లతో కోసేసింది. బహ్రెయిన్‌కు 200 డాలర్లు చాలంది. గోల పెరిగి, వ్యవహారం కోర్టుకెక్కాక, మరుసటి ఏడాది ఆ కోత రద్దయింది. ఆ సర్క్యులర్లలో లేబర్ క్యాంపు మాట ఒక్కటీ లేదు. అంత శుభ్రమైన భాషలోనే మా చెమట ధర దించారు. అప్పుడీ మైకులన్నీ ఎక్కడున్నాయి?

రోజంతా ఎండలో ఇనుము మోసి వచ్చినవాడు, ఏ మాటంటే కాస్త ఊపిరాడుతుందో ఆ మాటే అంటాడు. నీ జీతం అందిందా అని ఒక్కసారైనా అడగని నోటికి, వాడి ఉచ్చారణ దిద్దే హక్కు లేదు.