సెట్టింగుల మామ

సెంటినరీ కాలనీలో మా వెనక లైన్లో ఉండే సెట్టింగుల మామ ఇంటికి పోవాలంటే ముందుగా ఫోన్ చెయ్యాలి. మర్యాద కోసం కాదు, లైట్లు సర్దుకోవడానికి ఆయనకు రెండు నిమిషాలు కావాలి. మనం చెప్పులు విడిచేసరికి సీలింగు అంచు నీలంగా ఉంటుంది, మంచినీళ్లు తాగేసరికి గులాబీ అవుతుంది, చాయ్ వచ్చేసరికి పసుపు.

"కూసో అల్లుడా. అక్కడ గాదు, ఇటు. అటు కూసుంటే టీవీ యూనిట్ పక్కభాగం కనబడ్తది. అది ఇంక కాలే."

రెండు గదుల కంపెనీ క్వార్టరు. ముందుగది స్టేజి, మిగతాదంతా గ్రీన్‌రూము. బియ్యం డ్రమ్ము, ఇస్త్రీకి పోవాల్సిన బట్టల మూట, పరీక్షకు చదివే పిల్ల, అన్నీ తెర వెనకే. నిజంగానే తెర ఉంది. కప్పీ మీంచి వచ్చిన తాడు సోఫా పక్కన వేలాడుతుంటుంది. అత్తమ్మ ట్రే పట్టుకుని గడప దగ్గరికి రాగానే మామ తాడు లాగుతాడు. ఆలస్యంగా లాగిన రోజు చాయ్ తెరకే.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరుతో కంపెనీ రిజిస్టరైన రోజు డిసెంబర్ 23. ఏటా ఆ రోజున జరిగే సింగరేణి డే స్టేజీకి వయసులో ఉన్నప్పుడు మామే తెరలు కట్టేవాడు. ఓసారి సురభి వాళ్ల మాయాబజార్ చూసొచ్చాడు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో కీచకవధతో మొదలుపెట్టి, తరాల తరబడి కుటుంబాలకు కుటుంబాలే ఆడుతున్న నాటకాలవి. పందిట్లో జనమంతా నోళ్లు తెరుచుకుని ఘటోత్కచుణ్ణి చూస్తుంటే, ఈయన మాత్రం మెడ వంచి పక్కన తాడు లాగేవాణ్ణి చూశాడట. ఆ మెడ ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనసు. వాటితో మేమంతా తులమో అర్ధతులమో కొంటే, మామ గోదావరిఖని లక్ష్మీనగర్‌లో షాపులన్నీ తిరిగి ఏదో ఒకటి 'కనుక్కుని' వస్తాడు. కొనుక్కుని అంటే ఊరుకోడు.

మొన్నటేడు కనుక్కున్నది ఇటుకగోడ కాగితం. నున్నటి గోడ మీద ప్లాస్టరింగ్ లేని గోడ బొమ్మ అంటించాడు. మా నాయన దాన్ని చాలాసేపు చూసి, "పైసలు తక్కువ పడితే నన్నడగకపోతివి" అన్నాడు. నిరుడు టెర్రకోటా ఫినిషు. అత్తమ్మ వేలితో తడిమి, "జాజు పూసినట్టే ఉన్నది గదనయ్యా, మా అమ్మ పండుగపండుగకు పూసేది" అంది. రెండు రోజులు మామ ఆమెతో మాట్లాడలేదు. ఈ ఏడు రీల్స్ చూసి మినిమలిజం కనుక్కున్నాడు. గదిలో ఏమీ ఉండకపోవడమే డిజైనట.

"మా నాయన ఇంట్ల ఎన్నడేమున్నది? మొదటిసంది గదే డిజైను" అని అత్తమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది. ముందుగదిలోంచి పోయిన సామాను ఆమె వంటింట్లోకే వచ్చింది మరి. పప్పు డబ్బా తియ్యాలంటే మూడు పూలకుండీలు దాటాలి.

అన్నిటికంటే నాకు అర్థం కానిది ఆ జలపాతం. పడమటి గోడ నిండా మంచుకొండలు, వాటి మీంచి దూకే నీళ్లు. ఏ దేశానివో షాపువాడికీ తెలియదు. పక్కనే కిటికీ ఉంది. తెరిస్తే రామగిరి గుట్టలు. శ్రావణంలో ఖిల్లా ఎక్కడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. ఆ కిటికీకి మామ మందపాటి కర్టెను బిగించాడు. వెలుతురు పడితే జలపాతం వెలిసిపోతుందట.

ఇక ఫాల్స్ సీలింగు. దీని గురించి చెప్పాలంటే మామ కొలువు చెప్పాలి. ఆయన గనిలో టింబర్‌మన్. ముప్పై ఏళ్లుగా బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా ప్రాపులు నిలబెట్టడమే పని. మనకు ప్రాపంటే అండ గదా, అక్కడా అంతే. కింద ఎక్కడ కాలు పెట్టినా ముందు కర్రతో కప్పును తట్టాలి. ఖంగుమంటే గట్టిది. డొల్ల చప్పుడొస్తే లోపల పొర విడిందన్నట్టు, వెనక్కి రావాలి. ఆ చెవి డ్యూటీ దిగినా దిగదు. మా ఇంటికొచ్చినా ఓసారి గొడుగుతో స్లాబు తట్టి గాని కూర్చోడు.

అట్లాంటి మనిషి తన నెత్తి మీద జిప్సం బోర్డులతో, నడుమ తామరపువ్వుతో డొల్ల కప్పు కట్టించుకున్నాడు. అరవై ఒకటో ఏట రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, సీలింగు మోసుకుపోలేవు మామా అని చెప్పి చూశాం. సురభోళ్లు ఊరూరికీ సెట్టింగులు మోసుకపోలేదా అని మా నోళ్లు మూయించాడు. గృహప్రవేశం లాగే సీలింగుప్రవేశం పెట్టి, లైనంతా పిలిచి, రంగులన్నీ మార్చి చూపించాడు. చప్పట్లు కొట్టాం. బిర్యానీ బాగుంది మరి.

వారం తర్వాత ఫస్ట్ షిఫ్టుకు పోతూ తెల్లవారుజామున వాళ్లింటి ముందు ఆగాను. మామ వాకిట్లో నవారు మంచమేసుకుని, చెవుల దాకా దుప్పటి కప్పుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. మంచం పక్కన కర్ర.

"ఇంత చలిలో ఇక్కడేంది మామా?"

దుప్పటి కొంచెం దించి, లోపల అత్తమ్మకు వినబడకుండా అన్నాడు.

"రూఫ్ చప్పుడు మంచిగ లేదల్లుడా."